గుంట పక్క చెట్టు, మా చెల్లి కన్ను

నా చిన్నప్పుడు మామిడికాయల కాలం వచ్చిందంటే మా కాపురం తోటలోకి మారిపోయేది. విస్సన్నపేట దాటాక ఎర్రనేలలో ఒక ఆసామి తోట ఉండేది. దానికి మా తాతయ్య కాపలా. నాన్న కోతపనికి ఊళ్ళు తిరిగేవాడు. తాటాకు పాకలో తాతయ్య, అమ్మ, నేను, చెల్లి ఉండేవాళ్ళం. కోసిన కాయ ఆసామిది, రాలిన కాయ మాది. ఆ కట్టుబాటు వల్ల ఎండాకాలమంతా మాకు తిండికి లోటుండేది కాదు. అందుకే చెల్లి సంగతి ఎవరికీ అంతు పట్టలేదు.

దానికప్పుడు నాలుగేళ్ళుంటాయేమో. నాకన్నా ఎక్కువ తినేది. అన్నం తిని, రసాలు జుర్రి, మళ్ళీ ఆకలనేది. చేతులు మాత్రం పుల్లలు, పొట్ట కుండ. పాదాలు నొక్కితే గుంట పడేది. జుట్టు ఎర్రబడి, దువ్వితే ఊడొచ్చేది.

పక్క పాకలోని అక్క కాయలు కోసే కూలీ మనిషి. నోటికి అడ్డూ ఆపూ లేదు. "ఏంటి పిన్నీ, పెద్దదానికే పెడుతున్నావా? చిన్నదాన్ని తాడేసి కట్టుకో, గాలొస్తే పోద్ది" అంది ఒకరోజు నవ్వుతూ. అమ్మ నవ్వలేదు. మర్నాటి నుంచి చెల్లిని పాక బయట, అందరూ చూసేచోట కూర్చోబెట్టి పెట్టడం మొదలెట్టింది. నెయ్యి వేసింది. గుడ్డు పెట్టింది. నా కంచంలో పడాల్సిన నెయ్యి కూడా దాని కంచంలోనే పడింది.

చెల్లిని రోజుకి నాలుగైదుసార్లు పొదల వెనక్కి తీసుకెళ్ళి కడిగే పని నాది. అమ్మ పెట్టినదంతా నాకు అక్కడ కనపడేది. పాలిపోయి, జిడ్డుగా, నీళ్ళు పోస్తే పైకి తేలేది. కంపు చెప్పలేను. రసాలు తిన్న రోజు ఆ పసుపు అలాగే దిగిపోయేది. తిండి పారేస్తే మా ఇంట్లో వీపు పగిలేది. ఇదీ పారేసినట్టేగా అనుకునేదాన్ని. కానీ నన్నెవరూ అడగలేదు. పిల్లలు ఎత్తాల్సిన మాటలా కూడా అనిపించలేదు.

ఒక సాయంత్రం అమ్మ లాంతరు వెలిగించి చెల్లి ముందు పెట్టింది. చెల్లి దానివైపే చూస్తూ, "దీపం పెట్టవేంటమ్మా" అంది.

అమ్మ చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉండిపోయింది. కంటికి మామిడిపండు ఎంతో మేలని తర్వాత నూజివీడు డాక్టరమ్మ చెప్పింది. పాక నిండా ఆ పళ్ళే. వాటి మధ్య కూర్చునే దానికి చీకటి పడింది.

మర్నాడు తెల్లారగానే తాతయ్య గునపం తీసుకుని నన్ను రమ్మన్నాడు. తోట పల్లంలో ఒక నీళ్ళ గుంట ఉండేది. మేం తాగేది ఆ నీళ్ళే. గుంట పక్కన చెట్టుకి ఆసామి ఏటా రెట్టింపు ఎరువు వేయించేవాడు, అది ఏటా ఇంకాస్త పాలిపోయేది. కొమ్మల చివర నీడ పడేచోట తాతయ్య తవ్వాడు, నేను మట్టి లాగాను. ఎరువు వేసింది వేసినట్టే ఉంది. లావు వేళ్ళకి ఏమీ కాలేదు. వాటి చివరనుండే దారాల్లాంటి పీచువేళ్ళు మాత్రం నల్లబడి, చేతివేళ్ళ మధ్య నలిపితే తొక్క జారిపోయింది.

"చెట్టు తినేది వీటితోనేనే. అడుగున నీళ్ళు నిలిచి కుళ్ళాయి. ఇంక బండెడు ఎరువు పోసినా ఒకటే" అన్నాడు. నావైపు చూడకుండానే, "చెల్లి దొడ్డికెళ్తే ఎలా ఉంటుందే?" అని అడిగాడు.

అంతా చెప్పాను. తాతయ్య గొయ్యి పూడ్చలేదు. గునపం అక్కడే వదిలేసి వచ్చి చెల్లిని భుజానేసుకున్నాడు. "నాలుగు ముద్దలు పెట్టి పంపిస్తాను మావయ్యా" అంది అమ్మ. "పెట్టింది చాలమ్మా, నువ్వూ పద" అన్నాడు. కోపంగా అనలేదు. నూజివీడు బస్సు ఎక్కాం.

డాక్టరమ్మ చెప్పినదాంట్లో నాకు తలకెక్కినంత చెబుతాను. పేగు లోపలంతా సన్నటి నూగు ఉంటుందట. తిన్నదాన్ని పీల్చి రక్తంలో కలిపేది అదేనట. గుంట నీళ్ళలోని క్రిమి కడుపులో చేరి, విరేచనాలు నెలల తరబడి సాగి, ఆ నూగు దెబ్బతింది. నెయ్యిని పేగు పట్టుకోలేకపోతే, కంటికి కావలసిన సత్తువ కూడా దాని వెంటే బయటికి పోతుందట. ఒంట్లో మాంసం కరిగేది, కాళ్ళకి నీరు దిగేది కూడా తిన్నది పట్టకేనట. తాతయ్య అన్నిటికీ తలూపాడు. మందులిచ్చింది. నీళ్ళు కాచి తాగమంది. నెయ్యి ఆపి, జావతో కొంచెం కొంచెంగా మొదలెట్టమంది. "కుడి కన్ను నిలబడుతుంది. ఎడమదానికి ఆలస్యమైందమ్మా" అంది.

అమ్మ ఏడవలేదు. "మరి నేను పెట్టిందంతా?" అని మాత్రం అడిగింది. డాక్టరమ్మ చీటీ రాసి అమ్మ చేతిలో పెట్టింది.

తిరిగొచ్చాక అమ్మ రోజూ పొద్దున్నే నీళ్ళు కాచేది. "నీళ్ళు కూడా వండుకుంటున్నారా పిన్నీ" అంది పక్క పాక అక్క. కాచిన నీళ్ళే ఒక చెంబు తీసుకెళ్ళి తన పిల్లలకి పోసింది కూడా. చెల్లి ఒళ్ళు చేయడానికి ఏడాది పైనే పట్టింది. ఎడమ కంట్లో తెల్లటి పువ్వు ఉండిపోయింది, ఆ కంటికి చూపు రాలేదు. ఆ చెట్టుని ఆసామి కొట్టించేశాడు.

ఇప్పుడు చెల్లి నా దగ్గరే ఉంటుంది. మొన్న మా మనవరాలు తన బిడ్డ చిక్కిపోయిందని బలం పొడి డబ్బా కొనడానికి బయల్దేరింది. ఆగమన్నాను. ముందు పిల్ల దొడ్డికెళ్ళాక చూసి రా, తర్వాత డాక్టరుకి చూపించు, డబ్బా సంగతి ఆ తర్వాత అన్నాను. "ఛీ, అమ్మమ్మా" అంది. అంది గానీ వెళ్ళి చూసింది. పిల్లకి ఏం పెడుతున్నావని అందరూ అడుగుతారు. పెట్టింది ఎటు పోతోందని మా తాతయ్య ఒక్కడే అడిగాడు.

పొద్దు వాలాక ముందుగదిలో లైటు వేస్తాను. చెల్లి ఎప్పుడూ కుర్చీలో గుమ్మంవైపు మొహం పెట్టుకుని ఉంటుంది. లైటు వేశావా అని అది ఎన్నడూ అడగలేదు. అయినా స్విచ్చి మీద చెయ్యి తియ్యకుండా కాసేపు అక్కడే నిలబడతాను. అది ఏమీ అనకపోతే, వెళ్ళి దానికి కుడిపక్కన కూర్చుంటాను.