మాతృనౌకలో డ్రిల్లు టీచరు

డబ్బింగ్ థియేటర్లో గాజు పలకకి ఇవతల కూర్చుని గొంతులు రికార్డు చేయడం నా పని. ఆమె గొంతు మాత్రం మొదటిసారి మైకులో వినలేదు. వీధిలోంచి విన్నాను.

ఆ రోజుల్లో మా దర్శకుడు తల పట్టుకుని తిరుగుతున్నాడు. కుర్రకారు ఏళ్ల తరబడి ఆడుతున్న ఒక అంతరిక్ష యుద్ధం వీడియో గేమ్ ఉంది. ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్నో భాగాలు వచ్చాయి. దాన్నే యానిమేషన్ సీరియల్‌గా తీశారు. తెలుగులోకి తెచ్చే పని మాకు దక్కింది. కథ సులువైనదే. సొంత గ్రహం పోగొట్టుకున్న జనాన్నంతా ఒక పెద్ద మాతృనౌకలో ఎక్కించుకుని, ఒక సేనాని చుక్కల మధ్య చోటు వెతుకుతూ పోతుంటుంది. చుట్టూ కాపలాగా చిన్న చిన్న యుద్ధనౌకలు, వాటిని నడిపే పడుచు పైలట్లు. వెనక నుంచి తరుముకొచ్చే శత్రువు.

చిక్కంతా ఆ సేనానితోనే. ఆటలో ఆవిడ మాటలు తెర కింద అక్షరాలుగా కనపడేవే తప్ప తెలుగులో వినపడేవి కావు. అందుకని ఆడినవాళ్లు ఎవరికి తోచిన గొంతు వాళ్లు ఆవిడకి ఊహించుకున్నారు. ఇప్పుడు మేము ఏ గొంతు పెట్టినా కాదనేవాళ్లే ఎక్కువ. పేరున్న కళాకారులు చాలామంది వచ్చి చెప్పి వెళ్లారు. ఒకావిడ ఆజ్ఞాపిస్తే దేవత వరమిస్తున్నట్టుంది. ఇంకొకావిడ ఆజ్ఞాపిస్తే పక్కింటావిడని చారెడు పంచదార అడుగుతున్నట్టుంది.

ఒక మధ్యాహ్నం మా ఇరుకు వీధిలో బళ్లన్నీ ముక్కుకి ముక్కు ఆనించుకుని ఇరుక్కుపోయాయి. హారన్ల మోత. ఎవరూ వెనక్కి తగ్గరు. అప్పుడు వినపడింది ఆ గొంతు.

"ఆ ఎర్ర బండి, రెండడుగులు వెనక్కి! నువ్వు కాదు నాయనా, నీ వెనక మీసాలాయన! పాల వ్యాను గోడవారకి జరగాలి. మిగతావాళ్లు హారన్ మీంచి చేతులు తియ్యండి!"

హారన్లు ఆగిపోయాయి. చూస్తుండగానే వీధి విడిపోయింది. మా దర్శకుడు చేతిలో కాగితాలతోనే బాల్కనీలోకి పరుగెత్తాడు. కింద కాన్వాసు బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ, భుజానికి సంచీ తగిలించుకుని, ఏమీ జరగనట్టు మా మెట్లెక్కి వస్తోంది.

ఆ సీరియల్‌కి తెలుగు మాటలు రాస్తున్న అమ్మాయి మా దర్శకుడి ముఖం చూసి విషయం పసిగట్టేసింది.

"వద్దు సార్. ఆవిడ మా అత్తగారు. ఇంటి తాళంచెవి ఇవ్వడానికొచ్చారు."

"అయితే మరీ మంచిది కదా!"

"మీకు మంచిదే. నా సంగతి ఆలోచించండి."

అత్తగారు ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరయిన మనిషి. మైకూ స్పీకరూ లేని మైదానంలో, గాలికి ఎదురుగా నిలబడి, ఆ చివరనున్న పిల్లకి వినపడేలా చెప్పడం ఆమెకి అలవాటు. భర్త పోయాక కొడుకూ కోడలూ ఉన్న ఇంటికే వచ్చేసింది. ఆ ఇంట్లో ఆమె పిలిస్తే రెండు వాటాల అవతలున్నవాళ్లు కూడా "ఆఁ, వస్తున్నా" అనేవాళ్లట. అందరూ ఆమెని టీచరుగారనే అంటారు. మేమూ అలాగే అన్నాం.

దర్శకుడు అడిగినప్పుడు ఆమె మొహమాటపడలేదు, పొంగిపోనూ లేదు. తెర మీది సేనాని బొమ్మని కాసేపు పరీక్షగా చూసింది.

"ఈవిడకి ఎంతమంది పిల్లలు?"

"పిల్లల్లేరండీ. సేనాని కదా."

"పైలట్ల సంగతి అడుగుతున్నాను."

"ఓ ఇరవై మంది."

"అంతేనా? నాకు తరగతికి యాభై మంది ఉండేవాళ్లు. చేస్తాను, రేపట్నుంచి వస్తాను."

మొదటి రోజే ఆమె అరుపుకి నా మీటరు ఎర్రగీత దాటిపోయింది. మైకు నుంచి వెనక్కి, ఇంకా వెనక్కి జరిపించి చివరికి ఆమెని తలుపు దగ్గర నిలబెట్టాం. తెర మీద సేనాని నోరు మూసేసినా ఈమె మాట ఇంకా సాగుతూనే ఉండేది. దానికి ఆమె చెప్పిన కారణం ఒక్కటే.

"అమ్మాయ్, నీ వాక్యం చాలా పొడుగు. 'శత్రువుల నౌకలు మనల్ని అన్ని వైపుల నుంచీ చుట్టుముడుతున్నాయి' అనేలోపు మనం పేలిపోతాం. 'చుట్టేశారు' అంటే చాలదూ?"

కోడలు ఊరుకునే రకం కాదు. "చాలు అత్తయ్యా. కానీ మీరది 'చేతులు పైకి, చేతులు కిందకి' అన్నట్టు అంటున్నారు. అవతల జనం చచ్చిపోతున్నారు. ఇది వ్యాయామం కాదు."

ఒకే ఒరలో రెండు కత్తులు పెట్టామని దర్శకుడు నా చెవిలో గొణిగాడు. టీచరుగారు కోడలి వంక తేరిపార చూసి, "ఆ మాటా నిజమే. ఇంకోసారి పెట్టించండి" అంది. ఆ సాయంత్రానికి ఒకరు మాటలు కత్తిరించడం, ఇంకొకరు మాటలో తడి తేవడం నేర్చుకున్నారు. గొడవ మాత్రం మానలేదు. ఇద్దరూ ఒకే స్కూటర్ మీద పోట్లాడుకుంటూ వచ్చి, పోట్లాడుకుంటూ వెళ్లేవాళ్లు.

సీరియల్ మొదటి భాగం మధ్యలో ఒక ఘట్టం ఉంది. పిచ్చుక అని పిలిచే ఒక చిన్న పైలట్, తన నౌక ఇంజను దెబ్బతిని జట్టుకి దూరంగా వెనకపడిపోతుంది. మాతృనౌక ఒక్క దూకులో వేరే చుక్కల గుంపులోకి వెళ్లిపోబోతోంది. ఆ పిల్లని వదిలి వెళ్లాలో, ఆగాలో సేనాని తేల్చాలి. ఆగుతుంది. పిచ్చుకకి మాటలతోనే దారి చూపిస్తూ వెనక్కి రప్పిస్తుంది. అది ఉరుములా చెప్పాలని దర్శకుడి కోరిక. టీచరుగారు ఒప్పుకోలేదు.

"వెనకపడ్డ పిల్ల మీద అరిస్తే కూలబడిపోతుందండీ. పక్కన పరిగెత్తాలి."

ఆమె మైకుకి బాగా దగ్గరగా వచ్చింది. అన్నాళ్లలో అదే మొదటిసారి. "వినపడుతున్నానా? సరే. నా గొంతే విను. ఎడమకి. ఇంకొంచెం. చూశావా, వచ్చేశావ్" అని, పక్క మనిషికి చెప్పుకున్నట్టు చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె కాళ్లు ఉన్నచోటే నెమ్మదిగా పరుగు అడుగులు వేస్తున్నాయి. బూట్ల చప్పుడు రికార్డులో పడుతోందని తెలిసినా ఆపబుద్ధి కాలేదు. తర్వాత ఆ చప్పుడు తీసేయడానికి నానా తంటాలు పడ్డాను. ఆ ఎపిసోడ్ వచ్చాక ఆట ఆడేవాళ్లలో సణిగేవాళ్లు సద్దుమణిగారు. సేనాని అంటే ఈవిడే అన్నారు.

మొదటి భాగం ముగింపు యుద్ధాలు పూర్తయ్యేసరికి ఆమె గొంతు గరగరలాడింది. మిరియాల కషాయం తాగింది. తగ్గలేదు. ఒక రోజు "దాడి!" అనబోతే గాలి తప్ప మాట రాలేదు. కోడలు మారు మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. స్వరపేటిక మీద చిన్న కాయ లాంటిది పెరిగిందట. ఏళ్ల తరబడి మైదానంలో అరిచిన అరుపులకి ఈ యుద్ధాలు పులి మీద పుట్రలా తోడయ్యాయి. ఆపరేషను చేశారు. కొన్నాళ్లు నోరు మెదపకూడదు, గుసగుస కూడా పనికిరాదు అన్నారు.

ఆ కబురు విని చుట్టాలంతా కోడల్ని అదృష్టవంతురాలన్నారట. వాళ్లకేం తెలుసు? టీచరుగారు అటక మీంచి డ్రిల్లు ఈల దింపింది. ఒక ఊదు ఊదితే మంచినీళ్లు, రెండు ఊదితే టీవీ సౌండు తగ్గించాలి, గుక్క తిప్పుకోకుండా ఊదితే కొడుకు తడి తువ్వాలు మంచం మీద పడేశాడని అర్థం.

"డాక్టరుగారు మాట వద్దన్నారు గానీ ఈల సంగతి చెప్పలేదు సార్," అంది కోడలు మా దగ్గరికొచ్చి. నవ్వుతూనే అంది గానీ, ముఖంలో బెంగ దాచలేకపోయింది. పొద్దున లేచి పోట్లాడే మనిషి లేకపోతే ఇల్లు బోసిగా ఉందని నా ఒక్కదానితోనే రెండుసార్లు చెప్పుకుంది.

ఈలోగా రెండో భాగం బొమ్మలు వచ్చేశాయి. మిగతా పాత్రలవాళ్లు ఎదురుగా సేనాని మాట లేకుండా జవాబులు చెప్పలేరు. ప్రస్తుతానికి కొలత కోసమని సేనాని మాటలు కోడలి చేత చెప్పించి పెట్టుకున్నాం. టీచరుగారు వచ్చాక ఆ చోట ఆమె గొంతు పెట్టాలన్నది మా ఆలోచన.

ఆమె వచ్చింది. అదే నడక, అవే బూట్లు. "ఏం, అందరూ కులాసాయేనా?" అంది. గొంతు దిగిపోయింది. చెక్క మీద ఉప్పు కాగితం రుద్దినట్టు, అడుగు నుంచి వస్తోంది. కళ్లు మూసుకుని వింటే ఆడో మగో చెప్పలేం. డాక్టరు అభ్యాసాలు చేయిస్తున్నారు, కొంత మెరుగవుతుంది, పాత గొంతు మాత్రం రాదన్నారట.

ఒక టేక్ చేశాం. ఆమే హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టించుకుని వింది. మధ్యలో కోడలి ముక్కలూ దొర్లాయి. దర్శకుడు ఎలా చెప్పాలా అని నీళ్లు నములుతుంటే, ఆ పని ఆమే చేసేసింది.

"ఇది ఆవిడ కాదు. నన్ను బుజ్జగించకండి, నాకు తెలుస్తోంది." కాసేపు బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. అంతసేపు ఆమె కూర్చోవడం మేమెప్పుడూ చూడలేదు. తర్వాత తలెత్తి అడిగింది. "మరి ఈ నడిమి ముక్కల్లో చెప్పిందెవరు?"

"నేనే అత్తయ్యా. ఊరికే, కొలత కోసం."

"ఊరికేనా? ఇంకోసారి పెట్టండి." విన్నది. "నాకంటే తక్కువ అరిచి ఎక్కువ భయపెట్టావే! ఇన్నాళ్లూ ఇంట్లో ఈ గొంతు ఎక్కడ దాచావ్?"

"మీ పాత్ర నేను చెప్పను. మీకు బాగయ్యేదాకా ఆగుదాం."

"ఆగితే మాతృనౌకని ఎవరు నడుపుతారు? సేనానికి దెబ్బ తగిలితే పక్కనున్నవాళ్లు అందుకోవాలి. ఆ మాట రాసింది నువ్వే కదా, మొదటి భాగంలో. రాసేటప్పుడు నమ్మలేదా?"

కోడలు కళ్లు తుడుచుకుంది. టీచరుగారు తుడుచుకోలేదు. లేచి తెర దగ్గరికి వెళ్లి, రెండో భాగంలో కొత్తగా వచ్చే పాత్రని వేలితో చూపించింది. శత్రుసేనని నడిపేది ఆ పాత్రే, ముఖమంతా లోహపు ముసుగు.

"వీడెవడు?"

దర్శకుడు తడబడ్డాడు. ఆ ముసుగు వెనక ఉన్నది ఆడమనిషని భాగం చివర్లో తప్ప బయటపడదు. ఆడా మగా తేలని గొంతు కోసం అతను నెల నుంచి వెతుకుతున్నాడు. అటు తెరనీ ఇటు ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"ముసుగు కదా, పెదాలకి మాట కలిపే బాధ కూడా లేదు," అంది టీచరుగారు. "మైకు పెట్టండి."

డాక్టరు పెట్టిన హద్దు దాటకుండా, అరుపన్నది లేకుండా చెప్పింది. "మీ వెలుతురు కనపడుతోంది. దాక్కోకండి, అలసిపోతారు." అంతే. అరుపులన్నీ పోయాక మిగిలిన గొంతు అది. దానికి గట్టిగా చెప్పాల్సిన అవసరమే లేదు.

అలా అత్తాకోడళ్లు అంతరిక్షంలో ఎదురెదురు పక్షాలయ్యారు. కొడుకు ఒకసారి చూడ్డానికి వచ్చి, "ఇంట్లో ఎలాగూ ఇదే కదా, దీనికి బొమ్మలు కూడానా?" అని తిట్లు తిని వెళ్లాడు.

రెండో భాగం చివరి యుద్ధంలో శత్రునాయకి నౌక విరిగిపోతుంది. ముసుగు పగులుతుంది. సేనాని "లొంగిపో!" అనాలి. మామూలుగా ఒక్కొక్కరినే నిలబెట్టి రికార్డు చేస్తాం. ఆ ఒక్క ఘట్టానికి ఇద్దరినీ ఒకేసారి మైకుల ముందు నిలబెట్టాం. తెర మీద ముసుగు పగిలి నెరిసిన జుట్టు బయటపడింది. కోడలు ఊపిరి పీల్చుకుని, గంభీరంగా, "లొంగిపోండి!" అంది.

నేను ఆపేశాను. దర్శకుడు తల కొట్టుకున్నాడు.

"శత్రువుని 'మీరు' అంటావేంటమ్మా?" అంది టీచరుగారు.

"నోరు రావట్లేదు అత్తయ్యా!"

మళ్లీ చేశాం. మళ్లీ "లొంగిపోండి". మూడోసారి పళ్లు బిగించి "లొంగిపో" అంది గానీ, అందులో ప్రాణం లేదు, ఎవరి మాటో అప్పజెప్పినట్టుంది. దర్శకుడు మూడూ వరసగా పెట్టించుకుని విన్నాడు. నన్ను చూశాడు. మొదటిదేనని నేను ఒక వేలు చూపించాను. తనూ తలూపాడు.

సీరియల్ చూసినవాళ్లకి ఆ గది సంగతి ఏం తెలుసు? భాగమంతా తరిమిన శత్రువు ముసుగు తీస్తే ఒక పెద్దావిడ కనపడింది, గెలిచిన సేనాని ఆవిడకి మర్యాద ఇచ్చింది. వాళ్లకి తెలిసింది అదే. ఆట ఆడేవాళ్లు దాని మీద రోజుల తరబడి వాదించుకున్నారు. ఆటలో అక్షరాల్లో ఉన్న మాట కంటే ఇదే బాగుందని చాలామంది తీర్పు చెప్పారు. ఒక పెద్ద హాల్లో ఆఖరి ఎపిసోడ్ వేసినప్పుడు ఆ ఒక్క మాటకి జనం లేచి చప్పట్లు కొట్టారు.

ప్రదర్శన అయిపోయాక బయట ఒక కాలేజీ అమ్మాయి ఇద్దరినీ ఆపి అడిగింది. "నిజంగా మీ ఇద్దరిలో ఎవరు గెలుస్తారండీ?"

"యుద్ధం ఆవిడ గెలిచింది," అంది టీచరుగారు తన ఉప్పు కాగితం గొంతుతో. "మూడో భాగంలో నేను చెరలోంచి తప్పించుకుంటాను."

"అత్తయ్యా! అది ఇంకా బయటికి చెప్పకూడదు!"

"చెప్పేశాను కదా, ఇంకేం చేస్తావ్?"

ఇద్దరూ దాని మీద వాదించుకుంటూనే స్కూటర్ దగ్గరికి నడిచారు. బండి అత్తగారే తీసింది.