పరదా వెనుక ముసల్లస్

తిరుమలగిరిలో సిపాయిల దుస్తులు కుట్టే మౌలా అలీ కూతురు మహమూదా యూనివర్సిటీలో రెండు ప్రధాన సబ్జెక్టులు చదివేది: గణితం, ఫార్సీ. అక్కడ సీటు దొరకడమే గగనం. గణితం తరగతిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. గది వెనక ఆమె కోసం పరదా కట్టి, మర్యాద అన్నారు. బోర్డు కనబడనివ్వకుండా లెక్కలు నేర్చుకోమనడం ఏం మర్యాదో! రెండేళ్లు ఆమె గణితాన్ని చెవులతోనే చదివింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. మూతబడ్డ తరగతులు మళ్లీ తెరిచాక కొత్త ప్రొఫెసరు వచ్చాడు. రెండు బరువులు ఒక్కరు మోయలేరు, సోమవారం నోటి పరీక్షలో నెగ్గకపోతే గణితం వదులుకోవాల్సిందే అని కబురు పెట్టాడు.

మౌలా అలీ మిషను ఆపాడు. బయట ముసల్మాను కనబడితే నిలదీస్తున్న రోజులవి. "ఫార్సీ ఉంది కద బేటీ. జాన్ ఉంటే చాలు."

"గణితం పోతే నా సగం ప్రాణం పోయినట్టే, అబ్బా."

పాలు పోయడానికొచ్చిన పక్కింటి లచ్చమ్మ అందుకుంది. "ఏందన్నా, గిట్ల పరేషాన్ అయితవు? నేను తోల్కపోత. అడ్డమొచ్చినోని నెత్తి ఈ చెంబుతోని పలగ్గొడ్త."

సోమవారం మహమూదా పరదా వెనక కూర్చుంది. లచ్చమ్మ చెంబుతో గుమ్మంలో నిలబడింది.

త్రిభుజం మూడు మూలల నుంచి ఎదురు భుజాలకు గీసిన లంబాలు ఒక్కచోటే కలుస్తాయని రుజువు చేయమన్నాడు ప్రొఫెసరు.

"ఈ ముసల్లస్‌ను ఇంకో పెద్ద ముసల్లస్‌లో పెడదాం సాబ్," అంది మహమూదా. వాళ్ల ఉర్దూ పాఠాల్లో త్రిభుజానికి అదే పేరు. "పై మూల అలిఫ్ మీంచి కింది భుజానికి సమాంతరంగ ఒక గీత గీయండి."

ఆమె చెబుతుంటే ఆయన బోర్డు మీద గీస్తున్నాడు.

"ఆ గీత పొట్టిగైంది సాబ్. కింది భుజానికి రెండింతలు ఉండాలె."

ప్రొఫెసరు చెయ్యి ఆగిపోయింది. "నీకెట్లా తెలిసింది?"

"సుద్దముక్క చప్పుడు జల్ది ఆగింది."

ఆయన గీతను పొడిగించాడు. ఆమె ఒక్క మాట తడబడకుండా రుజువు ముగించింది.

"అయ్యా, ఇంకేమన్న అడుగుతరా?" అంది లచ్చమ్మ. "బర్రెను పిండే యాళ్ళయింది."

ప్రొఫెసరు నవ్వలేదు. "రెండూ చదువమ్మా. నీకింకేం కావాలి?"

"నా బురఖా నాకు చాలు. ఈ గుడ్డ తీసెయ్యండి."

ముడి ఆయనే విప్పాడు. తన మాటల్లోంచి పుట్టిన బొమ్మను మహమూదా చాలాసేపు చూసింది.

"చిన్నగుంది సాబ్," అంది మెల్లగా. "పరదా వెనక నాకు ఇంకా పెద్దగ కనబడ్డది."