నాబు లేని పెట్టె

దుర్గక్క నోటికి జడిసి సత్యనారాయణపేటలో కుక్కలు కూడా పక్క సందులోంచి పోయేవని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టేవాళ్ళూ అదే మాట అనేవారు, కాకపోతే నవ్వుతూ. ఆమె మొగుడు కనకప్ప మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. ఒక పెళ్ళిలో హారను కడుతూ స్తంభం మీదనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక, స్తంభాలెక్కే పని ఆమె మీద పడింది. కచ్చ బిగించి నిచ్చెన ఎక్కే ఆడదాన్ని చూడటానికి జనం మూగేవారు. "సూడండప్పా, బాగా సూడండి" అని పైనుంచే అరిచి, హారను బిగించుకుని దిగేది. వాల్వంటే ఏమిటో, టంకం ఎలా పెట్టాలో కనకప్ప మంచం మీద పడుకునే నేర్పాడు. సంసారంలో ఆయన మాట ఒక్కటీ చెవిన పెట్టని మనిషి, ఈ విషయంలో మాత్రం ముంగిలా కూర్చుని వినేది.

అరవై మూడులో రూపనగుడిలో భజన పందెం పెట్టారు. ఒక పక్క భీమప్ప నడిపే మగవాళ్ళ జట్టు, ఇంకో పక్క అక్కమ్మ నడిపే ఆడవాళ్ళ జట్టు. ఒకరు పాటలో ప్రశ్న వేస్తే రెండోవారు పాటలోనే జవాబు చెప్పాలి. జట్టుకో మైకు, జట్టుకో హారను. భీమప్ప ఆ ఊళ్ళో పెద్ద రైతు, ట్రాక్టరున్న మారాజు. పందానికి ముందు తానే వచ్చి దుర్గక్క దుకాణం ముందు నిలబడ్డాడు.

"నీ సెట్టే పెట్టుకుంటాం. కానీ గొంతు పెంచి తగ్గించే నాబు ఆడమనిషి చేతిలో ఉంటే ఆడోళ్ళ హారనే గట్టిగా పలుకుతాది. సెట్టు కాడ మా మనిషిని కూర్చోబెడతా" అన్నాడు.

దుర్గక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా సెట్టు మింద ఇంకోరి చెయ్యి పడేది ల్యా. నా చెయ్యీ వద్దంటావా? సరేప్పా. ఎవురి చెయ్యీ పడకుండా చేసుకొస్తా."

"తేడా వచ్చిందంటే మా తట్టు ఒక్క పెండ్లికి కూడా నీ సెట్టు రాదు, చూస్కో" అని భీమప్ప వెళ్ళిపోయాడు. దుర్గక్క ఇంట్లో పొయ్యి వెలిగేదే పెళ్ళిళ్ళ మీద.

పెట్టె చెయ్యడానికి దారి కనకప్పే చూపించాడు. కంప్రెసరంటారన్నాడు. పాత గ్రామఫోను పుస్తకంలో దాని బొమ్మ ఉంది. మైకులో పడ్డ గొంతు సన్నటి కరెంటుగా వాల్వులోకి వస్తే, వాల్వు దాన్ని పెంచుతుంది. అయితే ఈ వాల్వు వేరే రకం. దాని లోపల గ్రిడ్డనే జాలీ మీద మైనస్ వోల్టేజి ఎంత పెడితే, అంత తక్కువ పెంచుతుంది. పెరిగి బయటికి పోయే గొంతులోంచి కొంత పక్కకు తీసి, ఒకే వైపుకు పోనిచ్చే డయోడు గుండా, కరెంటును కాసేపు దాచిపెట్టే కండెన్సర్లో నింపుతారు. అక్కడ నిండిందే వెనక్కి వచ్చి గ్రిడ్డు మీద కూర్చుంటుంది. ఎవడు ఎంత అరిస్తే వాడి అరుపే వాడి పీక నొక్కుతుందన్నమాట. అరుపు ఆగాక కండెన్సర్లోది పక్కనున్న రెసిస్టెన్సు గుండా నిదానంగా కారిపోయి, గొంతు మళ్ళీ లేస్తుంది. నిండటం మాత్రం చిటికెలో అయిపోతుంది. తిప్పడానికి నాబంటూ ఏదీ లేదు.

కుడి హారనుకొకటి, ఎడమ హారనుకొకటి, ఒకే పెట్టెలో రెండు వరసలు కట్టింది. బొమ్మలో ఆ రెండు కండెన్సర్లనూ కలుపుతూ ఒక తీగ ఉంది.

"ఇదెందుకు?" అని అడిగింది.

"ఒకే పాట రెండు హారన్లలో వస్తా ఉంటే, ఒకటి తగ్గి ఇంకోటి తగ్గకపోతే పాట ఒక పక్కకు వాలిపోతాది. అందుకే ఏది తగ్గినా రెండూ కలిసి తగ్గాల" అన్నాడు కనకప్ప.

సబబుగానే తోచింది. ఎర్ర తీగ తెచ్చి అతికించింది.

పందెం రోజు మధ్యాహ్నం భీమప్ప పెట్టె చుట్టూ తిరిగి చూశాడు. నాబు దొరకలేదు. మొహం మాడ్చుకుని పోయి తన జట్టులో కూర్చున్నాడు. మొదటి పాటలు సాఫీగా సాగాయి. తర్వాత అక్కమ్మ జవాబు పాడుతుండగా, మగవాళ్ళ మైకు ముందున్న డోలు ఊరికే ఒక దెబ్బ పలికింది. అక్కమ్మ హారను గబుక్కున కుంగిపోయి, మెల్లగా లేచింది. భీమప్ప అది కనిపెట్టాడు. అటు తర్వాత అక్కమ్మ సరిగ్గా జవాబు మాటకొచ్చేసరికి డోలు మీద దెబ్బ పడేది. మాట మునిగిపోయేది.

"జవాబు రాల్యా! నోరు పెగల్దు!" అని మగవాళ్ళు కేకలేశారు.

అక్కమ్మ పాడుతూనే తల తిప్పి దుర్గక్క వైపు చూసింది. నువ్వు కూడానా, అన్నట్టుంది ఆ చూపు. దుర్గక్కకు ఒళ్ళంతా మండింది, అంతకు మించి సిగ్గేసింది. మళ్ళీ దెబ్బ పడింది, మళ్ళీ గొంతు కుంగింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. డోలు దెబ్బ ఎర్ర తీగ మీదుగా పోయి రెండో కండెన్సర్నీ నింపుతోంది. ఒక పాటకు పనికొచ్చే తీగను తెచ్చి, ఇద్దరి వాదానికి తగిలించింది తనే.

స్విచ్చి కట్టేసింది. రెండు హారన్లూ మూగపోయాయి. జనం గోల పెడుతుండగానే మూత తీసి, ఎర్ర తీగను కటింగు ప్లయరుతో పుటుక్కున తెంచింది.

"పందెం నడుస్తాంటే పెట్టె విప్పుతావా? ఏంది ఈ గలాటె? ఆడోళ్ళ తట్టు తిప్పుతాండావు!" అని భీమప్ప లేచాడు.

"ఎవురి తట్టూ తిప్పల్యా. ఈ తీగ ఉంటే నీ దెబ్బ వాళ్ళ పీక మింద పడతా ఉండాది. ఇంక నీ దెబ్బ నీ మిందే పడతాది. వాళ్ళరుపు వాళ్ళ మిందే."

"అతికించు మళ్ళీ."

"అతికించను."

"పెండ్లిళ్ళ సంగతి మర్చిపోయినట్లుండావు."

"మర్చిపోల్యా భీమప్పా. పోతే పోనీ. కావాలంటే రెండు హారన్లూ పీక్కొని పోతా, ఎవురి నోరూ వినపడదు. ఒక్కదాన్నే నొక్కమంటే మాత్రం నా తల తీసినా నొక్కను."

జనంలోంచి ఎవరో "సాకప్పా, ఇంక చాలు, ఆట కానీ!" అని అరిచారు. దుర్గక్క మళ్ళీ స్విచ్చి వేసింది. వాల్వులు వేడెక్కాయి. మునిగిపోయిన జవాబులన్నీ అక్కమ్మ మొదటినుంచి ఎత్తుకుంది. డోలు దబదబా మోగింది. దెబ్బ దెబ్బకూ మగవాళ్ళ హారనే కుంగింది, అక్కమ్మ మాట ఒక్కటీ పోలేదు. ఒళ్ళు తెలియని కోపంతో భీమప్ప మైకు పట్టుకుని "తప్పు! జవాబు తప్పు!" అని గొంతు చించుకున్నాడు. ఎంత గట్టిగా అరిచినా హారను అతని మాటను ఒక హద్దు దాటి పైకి లేవనివ్వలేదు. ఊరంతా పగలబడి నవ్వింది. పందెం ఆడవాళ్ళదయింది.

భీమప్ప అన్నంత పనీ చేశాడు. ఆ ఏడు ఆ తట్టు పెళ్ళిళ్ళు ఒక్కటీ రాలేదు. హారన్లు అటక మీద దుమ్ము పట్టాయి.

కనకప్ప చూసి చూసి ఒకరోజు అన్నాడు. "పోయి భీమప్పకు ఒక మాట చెప్పుకో. ఆ తీగ కూడా అతికించు. పెండ్లిలో గ్రామఫోను పాటకు అది ఉంటేనే బాగుంటాది."

"బాగుంటాదని నాకూ తెలుసు" అంది దుర్గక్క. "ఉన్న తీగను ఎప్పుడో ఒక పందెంలో తీసేది మర్చిపోతా. అప్పుడు అక్కమ్మ మళ్ళీ నన్నట్లా చూస్తే?"

ఆమె పెట్టె మూత తీసి, లోపల మిగిలిన రెండు ఎర్ర కొసల్నీ మళ్ళీ అతకడానికి వీల్లేకుండా మొదలంటా కత్తిరించి, వీధిలోకి విసిరేసింది.