బాయి ఎండ్ మీద నేను రాసిన రిపోర్ట్

నేను క్యురేటర్‌గా, అంటే క్రికెట్ పిచ్‌ను తయారుచేసి కాపాడే మనిషిగా, పనిచేయడం మొదలుపెట్టాక పద్దెనిమిదో ఏట జరిగిన సంగతి ఇది. ఆ ఫిబ్రవరిలో మందమర్రిలోని మా గ్రౌండ్‌కు జిల్లాల టోర్నమెంట్ ఫైనల్ వచ్చింది. మూడు రోజుల మ్యాచ్. అది సవ్యంగా జరిగితే పై ఏడు ఇంకా పెద్ద మ్యాచ్‌లు ఇస్తామని పైవాళ్లు మాటిచ్చారు. పిచ్ బాగాలేదని తేలితే మా గ్రౌండ్ పేరు జాబితాలోంచి తీసేస్తామని కూడా అన్నారు.

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బాయి దిగి వచ్చిన కార్మికులు ఆదివారాలు తట్టలతో మొరం మోసి చదును చేసుకున్న నేల అది. వాళ్లలో మా అబ్బా, అంటే నాన్న, ఒకడు. గ్యాలరీలు లేవు. గనిలోంచి తీసి పోసిన మట్టి గుట్ట వాలు మీదే జనం కూర్చుంటారు. షిఫ్ట్ సైరన్ మోగితే బౌలర్ పరుగు ఆపేస్తాడు, బ్యాట్స్‌మన్ బ్యాటు దించుతాడు, గుట్ట మీద అరుపులు ఆగుతాయి. బాయిలోకి దిగేవాళ్ల కోసం ఆ ఒక్క నిమిషం. ఏ రూల్ పుస్తకంలోనూ లేని రూలు. బయటి నుంచి వచ్చే అంపైర్లకు టాస్‌కు ముందే చెప్పి పెడతాం.

గ్రౌండ్‌కు ఎంత పేరుందో దాని బాయి ఎండ్‌కు అంత చెడ్డపేరు ఉంది. గని వైపున్న కొస అది. మధ్యాహ్నం దాటితే అక్కడ పడ్డ బంతి లేవదు. భూమి లోపల బొగ్గు కోసం పేలుళ్లు చేస్తారు కాబట్టి ఆ అదురుకు పిచ్ చెడిందని ఓడిపోయిన ప్రతి జట్టూ అంటుంది. కొందరు శాపం అని కూడా అంటారు. నేను రెండూ ఒప్పుకోను. గుట్ట సందులోంచి వచ్చే గాలి ఆ కొసను ముందుగా ఆరబెడుతుంది, అంతే. అది తెలిసినవాళ్లు ముందుకాలు వేసి ఆడి సెంచరీలు చేసి వెళ్లారు.

ఇక నా తప్పు సంగతి. ఫైనల్‌కు పన్నెండు రోజుల ముందు బాయి ఎండ్‌లో, ఫాస్ట్ బౌలర్ బంతి ఎక్కువగా పడే గుడ్ లెంగ్త్ దగ్గర, తట్టంత మేర నేల అరిగి ఉంటే తవ్వి కొత్త మట్టి నింపాను. ఇచ్చోడ వైపు నుంచి తెప్పించే నల్లమట్టి మేం వాడతాం. పాత కుప్ప అయిపోయింది, కొత్త ట్రాక్టర్ అప్పుడే వచ్చింది. కొత్త మట్టి వస్తే నిమ్మకాయంత ఉండ చేసి, వారం ఎండబెట్టి, దాని మీద కాలు మోపి చూడాలి. మనిషి బరువుకు అది పగలకూడదు. నేను ఆ పరీక్ష చేయలేదు. మట్టిని వాసన చూసి చెప్పగలనని జిల్లా అంతా నాకు పేరు. ఆ పేరు నా తలకెక్కింది. చేతిలోకి తీసుకుని, వాసన చూసి, పోయించాను. తడిపి, రోలర్ తిప్పాను. చూడ్డానికి అద్దంలా ఉంది.

మ్యాచ్ రోజు ఉదయం పిచ్ ఊడుస్తున్న పోశక్క నన్ను పిలిచింది. నాకంటే ముందు నుంచి ఆ గ్రౌండ్‌లో గడ్డి కోస్తున్న మనిషి.

"ఓ హనీఫూ, జర ఇటు రా. చీపురు తట్టుకుంటుంది గీడ."

"తెల్లారకముందు మబ్బుల లేచి వచ్చినవు గదా పోశక్కా, నిద్రమత్తు."

"నా నిద్రమత్తు సంగతి తర్వాత. ముందు వంగి సూడు. నడుము వంగుతలేదా దొరకు?"

వంగి చూశాను. నేను పూడ్చిన చోటు చుట్టూ వెంట్రుకంత పగులు, గుండ్రంగా. బంతితో తట్టాను. డొల్ల చప్పుడు. తాళంచెవి దూర్చి లేపితే అంచు అప్పడంలా లేచింది. కొత్త మట్టి పాత మట్టిని పట్టుకోలేదు. ఫాస్ట్ బౌలర్ బంతి దాని మీద పడితే పెచ్చు లేచి, బంతి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. బ్యాట్స్‌మన్ దవడ పగలవచ్చు, కన్ను పోవచ్చు.

టోర్నమెంట్ సెక్రటరీకి కబురు పంపాను. ఆయన చెడ్డవాడు కాడు. ఈ ఫైనల్‌ను మా ఊరికి తేవడానికి మూడేళ్లు తిరిగిన మనిషి. చూశాడు, ముఖం పాలిపోయింది.

"హనీఫ్ భాయ్, నీళ్లు కొట్టి రోలర్ తిప్పు. పిచ్ రిపోర్ట్‌ల బాగుందని రాసి సంతకం పెట్టు."

పిచ్ రిపోర్ట్ అంటే ఆట మొదలయ్యే ముందు క్యురేటర్ అంపైర్లకు రాసిచ్చే కాగితం.

"తిప్పను సార్. పొద్దెక్కితే మల్ల లేస్తది. ఎవనికన్న తాకితే?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"గట్లయితే ఒక పని చెయ్. పేలుళ్ల అదురుకు పగిలిందని రాయ్. బాయి ఎండ్ గురించి అందరికి ఎరుకనే, ఎవ్వడు కాదనడు. నీ నౌకరి ఉంటది. పక్క పిచ్ మీద ఆడిపిద్దాం."

అది అన్నిటికంటే తేలికైన దారి. ఎవరికీ దెబ్బ తగలదు, ఎవరి ఉద్యోగమూ పోదు. ఆ మాట మొత్తం జిల్లా నమ్ముతుంది, ఎందుకంటే ఇన్నేళ్లుగా నమ్ముతూనే ఉంది. ఒక్క క్షణం నా మనసు అటు వంగిందని ఒప్పుకోవాలి.

కానీ నాది మసీదులో మౌల్వీ సాబ్ ముందు కూర్చుని నేర్చుకున్న చదువు. సాక్ష్యం చెప్పాల్సి వస్తే అది నా మీదికే వచ్చినా సరే, నిజమే చెప్పాలన్నది అక్కడ నాకు అబ్బింది. శుక్రవారం జుమా నమాజుకు జమాత్‌లో అందరితో భుజం భుజం కలిపి నిలబడి, నుదురు నేలకు ఆనించే మనిషిని. అదే నేల మీద అబద్ధం ఎలా రాస్తాను?

"సార్, కయామత్ దినం నాడు, దేవుడు అందరి లెక్క అడిగే నాడు, గీ నేలనే నోరు తెరిచి మాట్లాడుతదని మా నమ్మకం. ఎవడు దీని మీద ఏం చేసిండో చెప్తది. గప్పుడు హనీఫ్ తప్పు చేసి నా మీద ఏసిండని చెప్తే, నేను యాడ దాక్కోవాలె?"

"గా దినం సంగతి తర్వాత. ఇయ్యాల పదింటికి టాస్!"

"అందుకే జల్ది చేస్తున్న సార్."

గడ్డపార తెమ్మన్నాను. పోశక్కే తెచ్చింది. "పొడువు, పొడువు. జనం కూడ సూడని," అంది. అంపైర్లు, ఇద్దరు కెప్టెన్లు వచ్చేదాకా ఆగి, వాళ్ల ముందే తవ్వాను. నేను వేసిన పొర రొట్టె ముక్కలా ఒక్కపెట్టున ఊడి వచ్చింది. దాని కింద పాత నల్లమట్టి. గడ్డపార మొన దిగకుండా ఖంగుమంది. ఎక్కడా పగులు లేదు. గుట్ట మీద నుంచి ఎవరో అరిచారు: "ఏం హనీఫ్ మామా, బొగ్గు దొరికిందా?" జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అంపైర్లలో పెద్దాయన కరీంనగర్ నుంచి వచ్చాడు. ఆయన వంగి ఆ పాత మట్టిని వేలితో నొక్కి చూశాడు. "పేలుళ్లకు పగిలిందేమో అనుకున్న," అన్నాడు.

"కాదు సార్. నేల గట్టిగనే ఉన్నది. నేను వేసిన మట్టే కచ్చాది. పరీక్ష చెయ్యకుండ వేసిన."

రిపోర్ట్‌లో అదే రాశాను: ఈ చోట ఆడటం ప్రమాదం, తప్పు క్యురేటర్‌ది, గ్రౌండ్‌ది కాదు. సంతకం పెట్టాను. సెక్రటరీ ఆ కాగితం అందుకుని నా వైపు చూడకుండానే అంపైర్లకు ఇచ్చేశాడు.

మ్యాచ్ పక్క పిచ్ మీద మధ్యాహ్నం మొదలైంది. అది ఫైనల్ కోసం తయారైన పిచ్ కాదు, ఆట చప్పగా సాగి డ్రా అయింది. మొదటి రోజు ఆట ముగియకముందే స్టోర్ రూమ్ తాళాలు ఇచ్చేయమన్నారు. ఇచ్చేశాను. మిగిలిన రెండు రోజులూ గుట్ట మీద జనంలో కూర్చుని చూశాను. కొందరు నన్ను చూసి పక్కకు జరిగారు. ఒక బ్యాట్స్‌మన్ వాళ్ల నాన్న మాత్రం వచ్చి పక్కన కూర్చుని పల్లీల పొట్లం చాపాడు.

పెద్ద మ్యాచ్‌లు రాలేదు. జాబితాలోంచి పేరు మాత్రం తీయలేదు. ఆ అంపైర్ తన కాగితంలో నేల బాగుందని రాశాడట. ఆ సీజన్ అంతా నాకు పని లేదు. అల్లుడి సైకిల్ షాపులో పంక్చర్లు వేశాను. ఆ ఏడు వానలు తగ్గాక కబురొచ్చింది: క్షమాపణ రాసిస్తే మళ్లీ తీసుకుంటాం. రాశాను: "పరీక్షించకుండా మట్టి వేసినందుకు క్షమాపణ కోరుతున్నాను. రిపోర్ట్ రాసినందుకు కోరడం లేదు." రెండో వాక్యం తీసేయమని ఇద్దరు మనుషులను ఇంటికి పంపారు. చాయ్ తాగించి పంపించాను.

నెల తర్వాత తాళాలు వచ్చాయి. ఆ రెండో వాక్యం అలాగే ఉంది. పనిలో తప్పు ఎవరికైనా జరుగుతుంది. దాన్ని మోయడానికి నోరు లేనిదాన్ని వెతుక్కోవడమే అసలు పాపమని ఆ ఏడు నాకు అర్థమైంది. ఇప్పుడు మట్టి ట్రాక్టర్ వస్తే వాసన చూడను. ఉండ చేసి, ఎండబెట్టి, అందరూ చూస్తుండగా దాని మీద కాలు పెట్టి నిలబడతాను.