చేపలకి పెట్టిన కుంపటి

చేపలకి చలేస్తోందని కుంపటి పెట్టిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. రావులపాలెం వచ్చి ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు. చూపించేటప్పుడు కాస్త నవ్వుతారు కూడా, మీరేమీ అనుకోకండి. ఆ ఒక్క కుంపటితో గెలలకి గెలలు అరటికాయలు, కట్టుకున్నవాడి మీసం, వియ్యపురాలి దగ్గర నా పరువు, మూడూ ఒకేసారి ఎలా మునిగాయో చెబుతాను. ప్రాణనష్టం మాత్రం లేదు. చేపలు క్షేమంగానే ఉన్నాయి. ఆ ఇంట్లో తెలివిగా ఉన్నవి అవే.

ముందు మా సంగతి చెప్పాలి. మాది అరటి వ్యాపారం. కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పని వంట కాదు, గెలలు ముగ్గేయడం. పచ్చిగెలల్ని గదిలో నిలబెట్టాలి. పైన గోనెపట్టాలు కప్పాలి. కుండలో ఊక పోసి నిప్పు వేసి పొగ పెట్టాలి. గాలి చొరబడకుండా తలుపు సందుల్లో బురద మెత్తాలి. అంతే, రెండు మూడు పూటల్లో గెల బంగారంలా పండి కూర్చుంటుంది. ఈ పని నేను నిద్రలో లేపి చెయ్యమన్నా చేస్తాను. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను, కనీసం మీరైనా గుర్తుపెట్టుకోవాలి.

ఇక నా చదువు. యాభై దాటాక, మా మనవరాలు పలక మీద అ ఆలు దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. దాని కంటే నేనే ముందు గుణింతాలు దాటాను, అది ఇప్పటికీ ఒప్పుకోదు. ఇక చూడండి నా జోరు! బస్సుల బోర్డులు, మందు సీసాలు, సబ్బు కాగితాలు, పక్కింటివాళ్ళ కరెంటు బిల్లు, కంటపడ్డదల్లా చదివేయడమే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. అందరికీ చిన్నప్పుడే పోతుంది. నాకు కాస్త ఆలస్యంగా పోయింది.

అలాంటి రోజుల్లో మా అల్లుడు ప్రసాద్ మా పెరట్లో పాత పశువుల పాక తీయించి అక్కడ ఒక గ్రీన్‌హౌస్ కట్టించాడు. ఇనప గొట్టాలు వంచి పైన తెల్లటి ప్లాస్టిక్ పట్టా కప్పితే, ఓ పెద్ద దోసకాయని నిలువునా కోసి బోర్లించినట్టుండేది. లోపల ఒక పక్క చేపల ట్యాంకు, ఒక పక్క కంకర నింపిన తొట్టెలు. ట్యాంకులో రూప్‌చంద్ చేపలు. వాటి మురికి నీళ్ళని చిన్న మోటారు తొట్టెల్లోకి తోడుతుంది. ఆ మురికి తిని కంకరలో గోంగూర, తోటకూర, కొత్తిమీర పెరుగుతాయి. శుభ్రపడ్డ నీళ్ళు మళ్ళీ చేపల దగ్గరికే పోతాయి. చేప మొక్కని పోషిస్తుంది, మొక్క చేప ఇల్లు కడుగుతుంది. అత్తాకోడళ్ళు ఇలా ఉంటే దేశం ఎంత బాగుండును!

"దీన్ని ఆక్వాపోనిక్స్ అంటారు అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"మనం చేపల గది అందాం బాబూ" అన్నాను నేను. ఆ పేరే నిలిచింది.

అప్పుడే రామచంద్రపురంలో మా అమ్మాయి వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకున్నారు. మాఘమాసంలో గృహప్రవేశం. మా వియ్యపురాలు సత్యవతిగారు ఫోన్ చేశారు. ఆవిడ చాలా మంచిమనిషి. నవ్వకుండా నవ్విస్తుంది, అదొక్కటే భయం.

"వదినగారూ, కూర అరటికాయలు మీ తోటవే కావాలండి. మట్టి లేకుండా ఆకుకూర పండిస్తున్నారటగా, ఆ గోంగూరా కావాలి. మా వైపు చుట్టాలందరికీ చెప్పేశాను."

"అందరికీనా అండీ?"

"అందరికీనండి. ఇక మీరు పరువు నిలబెట్టాలి."

చూశారా, ఆవిడ చుట్టాల ముందు పెట్టింది ఆవిడ పరువు కాదు, నాది!

ఇంతలో చలి ముదిరింది. మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయంటారు. చెట్లే వణికితే చేపలెంత? రూప్‌చంద్‌కి చలి బొత్తిగా పడదు. మేత వేస్తే పైకి రావడం మానేశాయి. అడుగున ఒక మూల, పరీక్ష తప్పిన పిల్లల్లా గుంపుగా కూర్చున్నాయి. చేప తినకపోతే మురికి లేదు, మురికి లేకపోతే గోంగూర లేదు, గోంగూర లేకపోతే నేను లేను.

అల్లుడికి ఫోన్ చేశాను.

"కంగారు పడకండి అత్తయ్యగారూ. గదిని కాదు, నీళ్ళని వేడి చెయ్యాలి. నీళ్ళలో పెట్టే హీటరు తెస్తాను. ఈలోగా సాయంత్రం నుంచి ట్యాంకు మీద థర్మాకోల్ పలకలు కప్పండి. నేనిచ్చిన గుండ్రటి మీటరు నీళ్ళలో వేలాడదీయండి."

"అలాగే బాబూ" అన్నాను. అన్నానే గానీ మనసులో నవ్వుకున్నాను. ఎంతమంది బాలింతలకి కుంపట్లు పెట్టిన చెయ్యి ఇది! చంటిపిల్లకైనా చేపపిల్లకైనా చలి చలే కదా. దీనికి హీటరెందుకు, కరెంటెందుకు? గుమ్మం సందులు మూసి, మంచం కింద కుంపటి పెట్టి, కాస్త సాంబ్రాణి వేస్తే ఎంతటి చలైనా చెప్పకుండా పోతుంది.

ఇక మీటరు సంగతి. నీళ్ళలో వేస్తే దాని మీది అంకెలు ఎలా కనపడతాయండీ? కష్టపడి చదువు నేర్చుకున్నది నీళ్ళలో పొయ్యడానికా? దాన్ని తీసుకెళ్ళి పైన గొట్టానికి, సరిగ్గా నా కళ్ళ ఎత్తున తగిలించాను. కింద నేను పెట్టబోయే ఊకపొయ్యి, పైన మీటరు. లోపలికెళ్ళినప్పుడల్లా ఓసారి చదువుకోవచ్చు.

ఆ ఉదయమే మా ఆయన తోట నుంచి బొంత అరటిగెలలు కొట్టించుకొచ్చారు. గృహప్రవేశం కూరకి. పాక తీసేశాం కాబట్టి పెట్టడానికి చోటు లేదు.

"ఏమే, ఇవి ఎక్కడ పెట్టను?"

"చేపల గదిలో పెట్టండి. నీడ పట్టున ఉంటాయి."

"పక్క పట్టాలు ఎత్తి ఉన్నాయిగా, గాలి ఆడుతుంది. కాయ పచ్చిగా నిలుస్తుంది" అని ఆయన గెలలు వరసగా నిలబెట్టి, దెబ్బ తగలకుండా పైన గోనెపట్టాలు కప్పారు. ఆయనకి అప్పుడు ముక్కు దిబ్బడ వేసి విపరీతమైన జలుబు. ఇదీ గుర్తుపెట్టుకోండి.

సాయంత్రం నేను రంగంలోకి దిగాను. ఎత్తి ఉన్న పక్కలు దింపాను. రెండు డబ్బాల్లో ఊక దట్టించి నిప్పు వేశాను. సాంబ్రాణి చల్లాను. బయటికొచ్చి, పట్టా నేలకి ఆనేచోట సందుల్లో బురద మెత్తుతున్నాను. మా ఆయన చుట్ట పట్టుకుని వచ్చి నిలబడ్డారు. చాలాసేపు చూశారు.

"ఏమే, ఇదెక్కడో చూసినట్టుందే."

"బాలింత గది."

"అది కాదే. ఇంకెక్కడో..."

"చలిలో నిలబడకండి, జలుబు ముదురుతుంది. లోపలికి పదండి."

పాపం, ఆయన బుర్రలో ఆ ముక్క వెలిగేదే. నేనే ఆర్పాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ముగ్గుగది ముందు నిలబడ్డ మనిషీ, కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆ గదికి బురద మెత్తిన మనిషీ, ఇద్దరం కలిసి ఆ బురద వంక చూసి ఇంట్లోకి పోయాం. తాటిచెట్టు కింద పుట్టినవాడు తాటిపండేదని అడిగినట్టు!

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పొద్దున్నే పక్క కాస్త ఎత్తి లోపలికెళ్తే కమ్మటి వెచ్చదనం, ఆపైన ఒక తియ్యటి వాసన. "ఆహా, నా గోంగూరకి ఎంత సువాసన వచ్చింది!" అనుకున్నాను. గోంగూరకి తియ్యటి వాసనేంటని అడిగేవాళ్ళు లేరు. మా ఆయనకి ముక్కు పనిచెయ్యదు, నాకు బుర్ర పనిచెయ్యదు.

అల్లుడు ఫోన్ చేశాడు. "మీటరు ఎంత చూపిస్తోంది అత్తయ్యగారూ?"

"ముప్పై దాటింది బాబూ" అన్నాను, చదివినంత గర్వంగా.

"ముప్పయ్యా! అయితే చేపలు మేత కోసం ఎగరాలే?"

"కదలట్లేదు."

"అదేంటండీ, విచిత్రంగా ఉందే."

"భీష్మ ఏకాదశి కదా బాబూ, ఉపవాసం ఉన్నాయేమో."

అటువైపు నుంచి ఒక దగ్గు వినిపించి ఫోన్ కట్టయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను.

గృహప్రవేశం ముందురోజు మధ్యాహ్నం అల్లుడు, వియ్యపురాలు వ్యాను వేసుకుని వచ్చారు, కాయలూ ఆకుకూరా తీసుకెళ్ళడానికి. కాఫీ కూడా తాగనివ్వలేదు నేను. "ముందు చేపల గది చూద్దురు గాని రండి వదినగారూ" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. తలుపు పట్టా ఎత్తాను. బుస్సున పొగ, సాంబ్రాణి, ఆ తియ్యటి వాసన, అన్నీ కలిసి ఆవిడ ముఖానికి కొట్టాయి.

ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, నింపాదిగా అడిగింది. "వదినగారూ, లోపల ఎవరైనా పురుడు పోసుకున్నారా అండీ?"

అల్లుడు తిన్నగా ట్యాంకు దగ్గరికెళ్ళి చెయ్యి ముంచాడు. వెంటనే తీసేశాడు.

"అత్తయ్యగారూ, నీళ్ళు మంచుగడ్డలా ఉన్నాయండీ!"

"అదెలా బాబూ? ముప్పై దాటిందిగా. నేనే చదివాను."

"ఎక్కడ చదివారు?"

తలెత్తి చూపించాను. అల్లుడు మీటరు వంక చూశాడు, దాని కింద ఊకపొయ్యి వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. చదువుకున్నవాడు కదా, పెద్దల్ని ఏమీ అనలేదు. "వేడంతా గాలికే పట్టిందండీ. అన్ని నీళ్ళు వేడెక్కాలంటే ఈ రెండు డబ్బాలు ఎక్కడ చాలతాయి" అని మాత్రం అన్నాడు. "అయినా ఇంత వేడీ ఇంత పొగా ఎక్కడికి పోయినట్టు?"

ఎక్కడికి పోయిందో అప్పుడే తెలిసింది. వెనకాల మా ఆయన "హాఛ్" అని ఒక్క తుమ్ము తుమ్మారు. ఆ తుమ్ముకి ముక్కు దిబ్బడ వీడిందనుకుంటాను. గాలి పీల్చారు. మళ్ళీ పీల్చారు. ముఖం పాలిపోయింది.

"ఏమే... బొంత... ముగ్గింది."

పరుగెత్తుకెళ్ళి గోనెపట్టా లాగారు. ఏం చెప్పమంటారు! ఒక్క కాయ పచ్చిది లేదు. గెలలన్నీ పసుపు రాసుకున్న పెళ్ళికూతుళ్ళలా తలలు వంచుకుని నిలబడ్డాయి. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ ముగ్గెయ్యలేదు. మా అత్తగారు బతికుంటే మెచ్చుకునేది.

"ఎక్కడో చూసినట్టుందన్నానా!" అన్నారు మా ఆయన.

"అప్పుడే గట్టిగా అనొచ్చుగా!"

"అననిచ్చావా? లోపలికి పదండి, జలుబు, అని తోలేశావు!"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఎలకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టారని విన్నాం గానీ, చేపల మీద ప్రేమతో కూర తగలబెట్టినవాళ్ళు మేమే. రేపు పొద్దున్న అన్ని విస్తళ్ళలో అరటికాయ కూర పడాలి. "మా వదినగారి తోటవి" అని ఆవిడ ఊరంతా చెప్పింది. పైగా గోంగూర ఆకు నోట్లో వేసుకుంటే కాలిన చీపురు నమిలినట్టుంది.

"వదినగారూ..." అన్నాను. మా అమ్మాయి కొత్తింట్లో మొదటి భోజనం, నా చేతి మీదుగా చెడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అనుకోమని మీకు మనవి.

ఆవిడ ఒక పండు తుంచింది. ఒలిచింది. నిదానంగా తిన్నది. "తియ్యగానే ఉందండి" అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "అన్నయ్యగారూ, మార్కెట్ ఇంకా తెరిచే ఉంటుందా?" అంది.

అదండీ అసలు శిక్ష. ఊరందరికీ అరటికాయలు అమ్మే మనిషి, అరటికాయలు కొనుక్కోవడానికి మార్కెట్‌కి వెళ్ళాలి! గోదారొడ్డున ఇల్లుండి నీళ్ళు అరువడిగినట్టు. ఆయన తలగుడ్డ కళ్ళ దాకా లాక్కుని వెళ్ళారు. మా మార్కెట్‌లో ఆయన నడక చూసి గుర్తుపట్టేవాళ్ళే ఎక్కువ, తలగుడ్డ ఏం దాస్తుంది?

"ఏంటి బాబాయ్, నువ్వు కొనడమేంటి? తోట అమ్మేశావా?"

"లేదురా."

"మరి కాయలేమయ్యాయి?"

ఆయన కాస్త ఆలోచించి, "చేపలకి చలేసిందిరా" అన్నారట. ఇక ఆ రోజు మార్కెట్‌లో వేలం పాట సాగలేదని చెప్పుకున్నారు.

మర్నాడు గృహప్రవేశం దివ్యంగా జరిగింది. కొన్న కాయలతో ఆవపెట్టిన కూర అదిరింది. గోంగూర బదులు పప్పులో మామిడికాయ పడింది. నేను మాత్రం వంటపాకలో ఒక మూల, మా చేపల్లాగే, కదలకుండా కూర్చున్నాను. భోజనాలయ్యాక తాంబూలాలు ఇస్తున్నారు. చూద్దును కదా, ప్రతి సంచిలోనూ రెండేసి బొంత అరటిపళ్ళు, ఒక్కోటి చంటిపిల్లాడి చెయ్యంత! తాంబూలంలో బొంతపళ్ళు పెట్టడం మీరెక్కడైనా చూశారా?

ఒక పెద్దావిడ అడగనే అడిగింది. "ఇవేం పళ్ళమ్మా సత్యవతీ, ఇంతేసి ఉన్నాయి?"

నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మా వియ్యపురాలు ముఖంలో నవ్వు లేదు.

"మా వదినగారు స్వయంగా ముగ్గేసి పంపారు పిన్నిగారూ. మందులు లేవు, మాయలు లేవు. అంతా చేపల వేడి."

ఆ పెద్దావిడ కళ్ళకద్దుకుని తీసుకుంది. చూస్తుండగానే పళ్ళు చాలక, వెనకొచ్చినవాళ్ళు అడిగి మరీ వెళ్ళారు. మా పరువు అలా ఒడ్డున పడింది.

అల్లుడు ఆ వారమే హీటరు తెచ్చి నీళ్ళలో పెట్టాడు, మీటరూ నీళ్ళలోనే వేశాడు. ట్యాంకుకి మూత వేశాం. ఇప్పుడు నేను నీళ్ళలోకి తొంగిచూసి అంకెలు చదువుకుంటున్నాను. మేత వేస్తే చేపలు నా ముఖాన నీళ్ళు చిమ్ముతున్నాయి. హక్కుందిలెండి వాటికి.

కాబట్టి గోదారి తల్లి సాక్షిగా, మా అత్తగారి ఊకకుండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో చేపలకి పురుడు పొయ్యను. కూర అరటికాయ ఉన్న దరిదాపుల్లో నిప్పు రాజెయ్యను. మా ఆయన "ఎక్కడో చూసినట్టుంది" అంటే, ఎక్కడ చూశారో చెప్పేదాకా కదలను.

ఈ ఒట్టు వేసి ఎండాకాలం దాకా గట్టిగానే నిలబడ్డాను. రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, వియ్యపురాలు ఫోన్ చేసింది.

"వదినగారూ, మీ చేపలకి ఏమైనా చలేస్తోందా అండీ?"

"ఈ ఎండలోనా? లేదండీ. ఎందుకు?"

"ఏం లేదు, మా పెరట్లో రెండు బుట్టల మామిడికాయలు దించాం. కాస్త చలేస్తే బాగుండునూ అని."

పంపమన్నాను. ఒట్టు అరటికాయల మీద వేశాను గానీ, మామిడికాయల మీద కాదు కదండీ.