వెనక్కి నడిచిన పాట

నా చిన్నప్పుడు నలుగురూ నవ్వుతారంటే నాకు వణుకు. ఆ నవ్వు మా అమ్మ మీద పడుతుందేమోనని భయపడిన సాయంత్రం ఒకటి ఉంది, రాజమండ్రిలో.

మాది కొవ్వూరు అవతల పల్లె. అమ్మ నాట్లకు వెళ్ళేది. ఆడవాళ్ళందరిలో పాట ఎత్తుకునేది ఆవిడే. మా చర్చి బడిలో ఒక మేష్టారు ఉండేవారు. ఆదివారాలు అకార్డియన్ మీద కీర్తనలు వాయించేవారు. నాట్ల రోజుల్లో అదే పెట్టెను భుజాలకు తగిలించుకుని పొలం పక్కన నిలబడి అమ్మ పాటలు నేర్చుకునేవారు. పట్నం సభలో వాటిని వాయించే అవకాశం ఆయనకు వచ్చింది. రేడియో వాళ్ళు కూడా వస్తున్నారనీ, వాళ్ళకు నచ్చితే మన పాట ఊరూరా వినిపిస్తుందనీ చెప్పి అమ్మను ఒప్పించారు.

హాలు నిండిపోయింది. నేను వేదిక కింద ముందు వరసలో కూర్చున్నాను. మేష్టారు పెట్టె తెరిచి రాగం అందించారు. మైకు ముందు నిటారుగా నిలబడిన అమ్మ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ఆయన మళ్ళీ అందించారు. రాలేదు.

"పాట ఇంటి దగ్గర మర్చిపోయొచ్చిందిరోయ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వు.

"నా వల్ల కాదండి మేష్టారండీ, పోదామండి" అంది అమ్మ.

ఆ పాటను ఆవిడ ఏనాడూ నిలబడి పాడలేదు. నాట్లంటే నడుం వంచి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ చేసే పని. పాట ఆ వంపులోనే పుట్టేది. అప్పటిదాకా మాలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

మేష్టారికి అప్పుడు తట్టింది. మైకును మధ్యకు జరిపి కిందికి దించారు. "మొహం అటు తిప్పుకోమ్మా. వంగి పాడుకుంటూ వెనక్కి రా. గట్టు నేనవుతాను" అన్నారు. తాను వచ్చి వేదిక చివర, జనానికి వీపు పెట్టి నిలబడ్డారు.

అమ్మ వేదిక వెనక తెర దగ్గరికెళ్ళి, అటే తిరిగి నడుం వంచింది. చేతిలో లేని నారును నాటింది. పాట వచ్చింది.

నా భయం మాత్రం రెట్టింపయింది. దేన్నైనా కంటితో కొలిచే అలవాటు నాకప్పటికే ఉంది. అమ్మ అడుగు ఎంతో, చివర ఎంత దగ్గరో నాకు తెలుస్తూనే ఉంది. వేదిక నా తలకంటే ఎత్తు. ఆవిడ వెనక్కి చూడటం లేదు. అరుద్దామంటే పాట ఆగిపోతుంది, అరవకపోతే మేష్టారితో సహా పడిపోతుంది. గౌను అంచు నోట్లో కుక్కుకున్నాను.

ఆవిడ మడమ మేష్టారి బూటుకు తగిలింది. ఆయన కదల్లేదు, వాయించడమూ ఆపలేదు. మడి చివరికొచ్చినప్పుడు చేసినట్టే అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, ఇటు తిరిగింది. ఆఖరి చరణం జనం మొహాల్లోకి చూస్తూ పాడింది. నవ్విన గొంతులు ఒక్కటీ వినిపించలేదు.

తర్వాత ఆ పాట రేడియోలో వచ్చింది. బల్లకట్టు దగ్గర టీకొట్లో విన్నామని ఎవరెవరో చెప్పారు. నాకు మాత్రం ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది అంచున ఉన్న ఆ బూటే. ఎవరైనా భయపడి అడుగు వేయలేకపోతే నేను ధైర్యం చెప్పను. మాట్లాడకుండా వెళ్ళి వాళ్ళ వెనక నిలబడతాను.