చెమ్మ లేని ఊరు

కర్నూలు నుంచి కోడుమూరు పోయే బస్సులో, కిటికీ పక్కన కూర్చున్నాయన ఒళ్లో ఎక్స్‌రే కవరుంది. ఎవరిదని అడిగాను. మనకు అక్కర్లేనివి అడగడం బస్సులో మర్యాద.

"నా పెండ్లాముదప్పా. చెమ్మకు గోడకు పట్టిన బూజు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడినాయంట."

"కోడుమూరులో బూజా?" అని నవ్వాను. మబ్బు కనిపిస్తే పిల్లలకు చూపించే ఊరది.

"నేనూ నవ్వినా. పోయినేడు డాక్టరు, ఇంట్లో చెమ్మ ఉండాదా అని ఆమెనే అడిగె. ఆమె నోరు తెరిచేలోపల నేనే, 'తాగేకే నీళ్లు లేవు, చెమ్మ యాడిది సార్' అంటి. ఆయప్పా శానా నవ్వె. దగ్గు మందు రాసిచ్చె."

వాళ్ల కుళాయి వారానికొకసారి వస్తుంది. అందుకని ఆమె మంచం పక్కనే నాలుగు డ్రమ్ముల నీళ్లు నిలవబెట్టుకున్నారట. వెనక గోడ నల్లబడితే ఈయనే క్యాలెండరు తగిలించాడట.

"ఇప్పుడెట్లుంది?"

"ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టినారు. నేను డ్రమ్ములు బయటేసేకి పోతాండా."

ఇప్పుడు వేసి ఏం లాభమని అడగలేదు. మర్యాదకూ హద్దుంటుంది.

ఊరు దగ్గరపడుతుండగా చినుకులు మొదలయ్యాయి. బస్సులో అందరూ కిటికీల్లోంచి చేతులు చాపారు. నేనూ ఆయన మీదుగా చెయ్యి చాపబోయాను.

ఆయన అద్దం మూసేశాడు.